ఆరున్నరేళ్ల పాపకి వెన్ను వంపు 64 డిగ్రీలు: ఒక్క ఆపరేషన్‌తో అయిపోదా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: పాపకి ఆరున్నరేళ్లు. ఏడాదిన్నర కిందట వెన్ను పక్కకి ఒరిగిన వంపు (డాక్టర్లు స్కోలియోసిస్ అంటారు) 38 డిగ్రీలు, ఇప్పుడు 64. ఎంఆర్ఐ నార్మల్. ఏడాదిగా బెల్ట్ వేస్తున్నారు. ఒక డాక్టరు ఇప్పుడే రాడ్లు వేసి ఎముకలు అతికించేద్దామన్నారు. ఇంకొకరు ఆరు నెలలకోసారి సాగదీసే రాడ్లు వేద్దామన్నారు. అమెరికాలో ఉన్న మీ తోడల్లుడేమో అక్కడ రాడ్లే లేకుండా తాడుతో సరిచేస్తున్నారట, కనుక్కోమన్నాడు. చివర్లో మీరన్న మాట: "ఏదైనా సరే, ఒక్క ఆపరేషన్‌తో అయిపోయేది చెప్పండి సార్. పిల్లని మళ్లీ మళ్లీ కోయించలేం."

నేను ఇరవై ఏళ్లకు పైగా పిల్లల వెన్నెముక ఆపరేషన్లు చేస్తున్నాను. ఆ చివరి మాట దాదాపు ప్రతి తండ్రీ అంటాడు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక్కసారితో అయిపోయే ఆపరేషన్ ఉంది. మీ పాపకి ఇప్పుడు చేయకూడనిది అదే. పన్నెండేళ్ల పిల్లకైతే అదే ఆపరేషన్ చేయించమని నేనే చెబుతాను. ఈ మధ్యలోని ఐదారేళ్లని తక్కువ నష్టంతో ఎలా దాటించాలన్నదే మీ ముందున్న అసలు సమస్య. పాపని గానీ ఎక్స్‌రేలని గానీ నేను చూడలేదు కాబట్టి ఇదంతా మీరు మీ డాక్టరు ముందు కూర్చుని అడగడానికి పనికొచ్చే సమాచారం అనుకోండి, ప్రిస్క్రిప్షన్ అనుకోవద్దు.

వెన్ను నిటారుగా అవుతుందా లేదా అని ఇంట్లో అందరూ చూస్తారు. ఈ వయసు పిల్లల ఎక్స్‌రేలో నేను ముందు చూసేది ఛాతీ భాగం పొడవు. మెడ కింద నుంచి నడుము మొదలయ్యేదాకా పన్నెండు వెన్నుపూసలుంటాయి. పక్కటెముకలు అతుక్కుని ఉండేది వీటికే. ఈ పన్నెండింటి పొడవు పుట్టినప్పుడు సుమారు 11 సెం.మీ., ఐదేళ్లకి 18, పదేళ్లకి 22, ఎదుగుదల పూర్తయ్యేసరికి 26 నుంచి 28. ఛాతీ లోపలి చోటు చూస్తే, పదేళ్లు వచ్చేసరికి కూడా పెద్దయ్యాక ఉండేదాంట్లో సగమే తయారవుతుంది. ఊపిరితిత్తుల్లో కొత్త గాలి గదులు ఎనిమిదేళ్ల వయసు దాకా ఏర్పడుతూనే ఉంటాయి. అంటే మీ పాప ఊపిరితిత్తుల ఇల్లు ఇంకా కడుతూనే ఉన్నారు. ఇప్పుడు వెన్నుని పై నుంచి కింది దాకా అతికించేస్తే స్లాబ్ వేసేసినట్టే. ఆపైన అంతస్తు లేవదు.

అలా చిన్నతనంలోనే అతికించిన పిల్లల్ని పెద్దయ్యాక పరీక్షించి అమెరికాలో డల్లాస్ డాక్టర్లు 2008లో వివరాలు ప్రచురించారు. ఛాతీ వెన్ను 18 సెం.మీ. దాటని వాళ్లలో సగానికి పైగా పిల్లల ఊపిరి సామర్థ్యం ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. అప్పటి నుంచి మా వాళ్లందరి బుర్రలో ఆ అంకె ఉండిపోయింది: కనీసం 18, వీలైతే 22.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది మాత్రమే కాదు. నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఏడేళ్ల బాబుకి మేం ఇలాగే అతికించేశాం. ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే చూసి యూనిట్ అంతా సంతోషపడ్డాం. తండ్రి స్వీట్లు పంచాడు. ఆ బాబు పదమూడేళ్లకి మళ్లీ వచ్చాడు. కాళ్లూ చేతులూ బారుగా సాగాయి, మొండెం మాత్రం ఏడేళ్ల దగ్గరే ఆగిపోయింది. మా ఓపీ మొదటి అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కి వచ్చి రెండు నిమిషాల పాటు మాట్లాడలేకపోయాడు. పైగా వంపు తిరిగొచ్చింది, ఈసారి మెలికతో సహా. వెనక వైపు అతికించినా ముందు వైపు ఎముక పెరుగుతూనే ఉంటుంది. వెనక పట్టి ఉంచడంతో అది పైకి పెరగలేక పక్కకి మెలి తిరుగుతుంది. ఫ్రాన్స్‌కి చెందిన డ్యూబూసే 1989లో దీన్ని వివరించి, ఇంజన్ లోపలి క్రాంక్‌షాఫ్ట్ పేరు పెట్టాడు. ఒక్కసారితో అయిపోతుందని చేసిన ఆపరేషన్ అక్కడా ఒక్కసారితో అవలేదు.

కాబట్టి మొదటి సలహా: ఇప్పుడే అతికించేద్దామన్న డాక్టరుని "ఛాతీ పొడవు ఇప్పుడెంత ఉంది? అతికిస్తే చివరికి ఎంత దగ్గర ఆగుతుంది?" అని అడగండి. జవాబు అంకెల్లో రాకపోతే వేరే అభిప్రాయం తీసుకోండి.

ఇక ఆపరేషనే ఇప్పుడు కావాలా అన్నది చూద్దాం. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా రాడ్ల కంపెనీల దగ్గరికి వెళ్లిపోతారు. 38 నుంచి 64 అంటే నిజంగానే పెరిగింది, అందులో అనుమానం లేదు. (మూడు నాలుగు డిగ్రీల తేడాకి మాత్రం ఎవరూ కంగారు పడొద్దు. అదే ఎక్స్‌రేని సాయంత్రం మళ్లీ కొలిస్తే నాకే ఐదు డిగ్రీల వరకు తేడా వస్తుంది.) అయినా ఆపరేషన్‌ని ఒకటి రెండేళ్లు వెనక్కి జరపగలిగితే అది పెద్ద లాభమే. కారణం కింద చెబుతాను. జరపడానికి ఉన్న మంచి దారి కట్టు, అంటే మత్తు ఇచ్చి, పాపని ప్రత్యేకమైన ఫ్రేమ్ మీద సాగదీసి, మెలికని తిప్పుతూ మొండానికి వేసే ప్లాస్టర్. రెండు మూడు నెలలకోసారి మారుస్తారు. దీనికి పేరు తెచ్చింది ఇంగ్లండ్‌లో స్టాన్‌మోర్ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ మిన్ మెహతా. 2005లో ఆమె ప్రచురించిన 136 మంది పిల్లల్లో, సగటున ఏడాదిన్నర వయసు దాటగానే కట్టు మొదలైన 94 మందికి వంపు పూర్తిగా పోయింది. రెండున్నరేళ్లకి, వంపు 50 దాటాక వచ్చిన 42 మందిలో తగ్గింది గానీ పోలేదు. మీ పాప వయసుకి కట్టుతో నయమైపోతుందని నేను చెప్పను. కానీ నా దగ్గర ఇలాంటి పిల్లల్లో కొందరిని కట్టు, ఆ తర్వాత బెల్ట్‌తో ఎనిమిదేళ్ల దాకా లాక్కొచ్చాను. మన ఎండల్లో మే నెలలో ప్లాస్టర్ ఎంత నరకమో నాకు తెలుసు. ఏప్రిల్‌లో విప్పి, వేసవి రెండు నెలలు బెల్ట్‌లో ఉంచి, జూన్‌లో బడి తెరిచాక మళ్లీ వేస్తాను. చదువుకున్నది ఒకటి, ఊరికి తగ్గట్టు చేసుకునేది ఒకటి.

బెల్ట్ గురించి ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. నిజంగా రోజుకి ఎన్ని గంటలు వేస్తున్నారు? టీనేజీ పిల్లల మీద అమెరికా, కెనడాల్లో జరిగి 2013లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, రోజుకి సుమారు 13 గంటలు, అంతకన్నా ఎక్కువ వేసుకున్నవాళ్లలో పదిమందికి తొమ్మిదిమందికి పైగా ఆపరేషన్ దాకా రాలేదు. లెక్క ఎలా పట్టారంటే, బెల్ట్‌లో వేడిని గుర్తించే చిన్న చిప్ పెట్టారు. అమ్మానాన్నల మాట మీద ఆధారపడలేదు! మీ పాప వయసు వేరు, వంపు వేరు కాబట్టి ఆ ఫలితం యథాతథంగా వర్తించదు. కానీ అలమరాలో ఉన్న బెల్ట్ మాత్రం ఎవరికీ పనిచేయదు.

సరే, కట్టు కుదరలేదు, వంపు ఆగడం లేదు అనుకుందాం. అప్పుడు పెరిగే రాడ్లు. మీ రెండో డాక్టరు చెప్పింది ఇదే.

మన ఇళ్లలో ఆడపిల్లకి పరికిణీ కుట్టించేటప్పుడు అంచు పైన రెండు మూడు మడతలు లోపలికి పెట్టి కుట్టించేవాళ్లు, గుర్తుందా? పిల్ల పొడుగైన కొద్దీ ఒక్కో మడత విప్పేవాళ్లు. ఈ రాడ్లు కూడా అంతే. పైన భుజాల దగ్గర రెండు మూడు పూసలకి, కింద నడుము దగ్గర రెండు పూసలకి మాత్రమే స్క్రూలో కొక్కేలో పెట్టి ఆ కాస్త చోటే అతికిస్తాం. మధ్యలో ఉన్న పూసల్ని ముట్టుకోం. వాటి పక్కగా, కండరం కింద నుంచి రెండు రాడ్లు దూర్చి, మధ్యలో ఒక కనెక్టర్‌తో కలుపుతాం. రాడ్ల చివర్లు కనెక్టర్ లోపల కొంచెం అదనంగా ఉంటాయి. ఆ అదనమే పరికిణీ మడత.

ఆరు నెలలకోసారి సాగదీయడమంటే ఏమిటో చెబుతాను, ఎందుకంటే "మళ్లీ మళ్లీ కోయడం" అనగానే మీ కళ్ల ముందు మొదటి ఆపరేషనే కనబడుతుంటుంది. కనెక్టర్ ఉన్నచోట మూడు నాలుగు సెం.మీ. కోత పెడతాం. చిన్న మర వదులు చేస్తాం. రెండు రాడ్ల మధ్య ఒక పరికరం పెట్టి మెల్లగా విడదీస్తాం. చేతికి బరువు తెలుస్తుంది. మొదటిసారి వెన్న లాగా జరుగుతుంది, నాలుగోసారికి తుప్పు పట్టిన తలుపు గడియలా ఉంటుంది. ఒక సెంటీమీటరు వస్తే మంచి రోజు. మర బిగించి కుట్లు వేసేస్తాం. అరగంట పని. సాధారణంగా మర్నాడు ఇంటికి పంపించేస్తాం. కోత చిన్నదే, కానీ ప్రతిసారీ పూర్తి మత్తు, ప్రతిసారీ ఇన్ఫెక్షన్‌కి ఒక కొత్త అవకాశం.

దీని చెడ్డ వైపు దాచిపెట్టే డాక్టరుని నమ్మకండి. 140 మంది పిల్లల మీద 2010లో వచ్చిన లెక్క ప్రకారం ఈ దారిలో వెళ్లినవాళ్లలో 58 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది: రాడ్ విరగడం, కొక్కెం ఊడడం, చర్మం కింద పొడుచుకు రావడం, చీము. ఒక్కో అదనపు ఆపరేషన్‌కి ఇబ్బంది వచ్చే అవకాశం 24 శాతం చొప్పున పెరిగింది. మొదటి ఆపరేషన్ ఒక్కో ఏడాది ఆలస్యమైన కొద్దీ 13 శాతం చొప్పున తగ్గింది. కట్టుతో కాలం లాగమని పైన ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఇంకో సంగతి, విప్పిన కొద్దీ మడత దగ్గర బట్ట బిరుసెక్కినట్టు, మనం ముట్టుకోని పూసలు కూడా వాటంతటవే అతుక్కోవడం మొదలుపెడతాయి. అందుకే సాగదీసిన కొద్దీ వచ్చే పొడవు తగ్గిపోతూ ఉంటుంది.

రాడ్ విరగడాన్ని మాత్రం మరీ భూతంలా చూడకండి. నా దగ్గర తొమ్మిదేళ్ల పాప ఒకతి పెళ్లిలో పందిరి మంచం మీద నుంచి దూకి రాడ్ విరగ్గొట్టుకుంది. వాళ్ల నాన్నమ్మ నెల రోజులు ఆ పిల్లని తిట్టిపోసింది. నిజానికి ఆ రాడ్ మూడేళ్లుగా రోజూ వంగి వంగి అలిసిపోయింది, దూకకపోయినా రెండు నెలల్లో విరిగేదే. మార్చేశాం. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది.

అయస్కాంతం రాడ్లు వీటికే తర్వాతి రూపం. హాంకాంగ్ డాక్టర్లు 2012లో మొదటి ఫలితాలు ప్రచురించారు, అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. రాడ్ లోపలే చిన్న అయస్కాంతం, ఒక మర ఉంటాయి. పాపని బోర్లా పడుకోబెట్టి వీపు మీద బయటి నుంచి ఒక యంత్రం ఆనిస్తారు. గుర్రుమంటూ తిరుగుతుంది, లోపలి మర తిరిగి రాడ్ రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. మత్తు లేదు, కోత లేదు. పిల్లలు ఫోన్ చూస్తూ చేయించుకుంటారు, కొందరికి చక్కిలిగింత కూడా. ఇది విన్న ప్రతి తల్లికీ ఇదే కావాలనిపిస్తుంది, నాకూ ఇష్టమే. అయితే మూడు విషయాలు తెలుసుకుని ఒప్పుకోండి. ఒకటి, ధర. మామూలు రాడ్లకీ వీటికీ పోలికే లేదు, పైగా ఆ ఖర్చు మీద ఖర్చుగా మార్చాల్సి రావచ్చు, ఎందుకంటే లోపలి మర మొత్తం మీద ఐదు సెం.మీ. లోపే సాగుతుంది. ఆరున్నరేళ్లకి వేస్తే పన్నెండేళ్ల దాకా ఒకే జత సరిపోతుందని అనుకోవద్దు. రెండు, లోపలి భాగాలు అరిగి టైటానియం పొడి చుట్టూ ఉన్న కండరంలో నల్లగా చేరడం, మర మొరాయించడం తీసేసిన చాలా రాడ్లలో కనిపించాయి. దాని వల్ల దీర్ఘకాలంలో ఏమవుతుందన్న చర్చ ఇంకా నడుస్తోంది. అందుకే ఈ మధ్య చాలామంది డాక్టర్లు వీటిని ఒంట్లో రెండు మూడేళ్లకి మించి ఉంచడానికి ఇష్టపడరు. మూడు, వెన్నుకి ఎంఆర్ఐ తీయాల్సిన పరిస్థితి వస్తే ఆ అయస్కాంతం చుట్టూ బొమ్మ చెదిరిపోతుంది. మీ పాప ఎంఆర్ఐ నార్మల్ కాబట్టి ఇది మీకు చిన్న సంగతే. (పదేళ్ల లోపు పిల్లల్లో వంపు 20 దాటితే దాదాపు ఐదుగురిలో ఒకరికి వెన్నుపాములో నీటి బుడగ లాంటి లోపలి దోషం బయటపడుతుంది. ఎంఆర్ఐ చూడకుండా ఆపరేషన్‌కి డేట్ ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.)

షిల్లా అని ఇంకో పద్ధతి ఉంది. వంపు శిఖరం దగ్గర మాత్రం అతికించి, పైనా కిందా రాడ్ల మీద స్క్రూలు జారేలా వదిలేస్తారు. రైలు పట్టాల మీద చక్రంలా పిల్ల పెరిగినకొద్దీ స్క్రూ జారుతుంది. పదే పదే సాగదీయక్కర్లేదు. కానీ దిద్దిన వంపు కొంత తిరిగొస్తుంది, లోహపు పొడి ఇక్కడా ఉంది. ఆరు నెలలకోసారి ఆసుపత్రికి రాలేని దూరపు ఊళ్లవాళ్లకి నేనిది ఆలోచిస్తాను. పక్కటెముకలకి వేసే వెప్టర్ అనే పరికరం పుట్టుకతో పక్కటెముకలు అతుక్కుపోయిన పిల్లల కోసం వచ్చింది, మీకు అవసరం లేదు.

ఇక మీ తోడల్లుడు చెప్పిన తాడు. అబద్ధం కాదు. ఛాతీ పక్కనుంచి చిన్న రంధ్రాలు పెట్టి, ఒక ఊపిరితిత్తిని కాసేపు ముడిచి, వంపు ఉబ్బిన వైపు పూసలకి స్క్రూలు వేసి, వాటి గుండా గట్టి ప్లాస్టిక్ తాడు బిగిస్తారు. ఆ వైపు ఎదుగుదల నెమ్మదిస్తుంది, లోతుగా ఉన్న వైపు పెరిగి పెరిగి వెన్ను తనంతట తానే సర్దుకుంటుంది. వెన్ను వంగుతుంది కూడా, అతికించినట్టు బిగుసుకుపోదు. అమెరికాలో 2019 ఆగస్టులో అనుమతించారు, అది కూడా ఇంకా ఎదుగుతున్న పిల్లల్లో 30 నుంచి 65 డిగ్రీల వంపులకి. కాగితం మీద చూస్తే మీ పాప 64తో ఆ గీత లోపలే ఉంది కదా అంటారు. ఇబ్బంది ఎక్కడంటే, ఈ ఆపరేషన్ ఎదుగుదలనే మందుగా వాడుకుంటుంది. ఆరేళ్ల పిల్లలో ఆ మందు మరీ ఎక్కువ. మూడేళ్లు తిరిగేసరికి వంపు సున్నా దాటి అటువైపు వంగిపోతుంది, అప్పుడు తాడు కోయడానికి మళ్లీ ఆపరేషన్. పదమూడు దాటిన పిల్లలో ఎదుగుదలే మిగలదు కాబట్టి తాడు దండగ. పది, పదకొండేళ్లు, రజస్వల కావడానికి కాస్త ముందు, వంపు యాభై దగ్గర, వెన్ను మెత్తగా ఉన్న పిల్ల అయితే సరిగ్గా సరిపోతుంది. అక్కడ కూడా కొన్నేళ్లకి తాడు తెగడం మామూలే. ఆ కుటుంబానికి మళ్లీ ఆపరేషన్ రావచ్చని చెప్పే చేస్తాం. మీ పాపకి ఇది ఇప్పుడు సరిపోదు. ఎవరైనా ఆరేళ్లకి చేస్తామంటే పరిగెత్తుకుని వచ్చేయండి.

ఇక్కడ మీ ప్రశ్నకి కాస్త పక్కకి వెళ్తాను, ఎందుకంటే ఇది చదివే ఇంకో తల్లో తండ్రో "మా బాబుకీ చిన్నవయసే, కాబట్టి ఆగాలి" అనుకుంటే ప్రమాదం. పుట్టుకతోనే వెన్నుపూస సగమే ఏర్పడిన పిల్లల సంగతి పూర్తిగా వేరు. ఇటుక స్థానంలో ముక్కోణపు ముక్క పెట్టి గోడ కట్టినట్టుంటుంది, పైన వచ్చే ప్రతి వరసా ఒరుగుతుంది. వీళ్లకి బెల్ట్ పెద్దగా పనిచేయదు. ఆ సగం పూస ఎదుగుతూ ఒరుగు పెంచుతున్నదైతే, చాలా సందర్భాల్లో రెండు నుంచి ఐదేళ్ల మధ్యే దాన్ని తీసేసి పైదీ కిందదీ రెండు పూసల్ని కలిపేయడం మేలు. పొడవు పోయేది ఒకటి రెండు పూసలదే, మిగతా వెన్నంతా మామూలుగా పెరుగుతుంది. మీరు కోరుకునే "ఒక్క ఆపరేషన్" నిజంగా చిన్నవయసులో దొరికేది వీళ్లకే. ఇంకా ఘోరమైనది, ఒక వైపు పూసలు పట్టీలా అతుక్కుపోయి, రెండో వైపు సగం పూస ఉండడం. ఏడాదికి ఐదు నుంచి పది డిగ్రీలు పెరుగుతుంది, చూద్దాంలే అన్న మాటే వద్దు. పుట్టుకతో వచ్చిన వంపు ఏదైనా సరే గుండెకి ఎకో, కిడ్నీలకి స్కానింగ్ తప్పనిసరి. తల్లి కడుపులో ఇవన్నీ ఒకే వారాల్లో తయారవుతాయి, ఒకటి చెడితే పక్కది కూడా చెడి ఉండొచ్చు.

అలాగే టీనేజీ పిల్లలు. పన్నెండు పదమూడేళ్ల అమ్మాయి, రజస్వలై ఏడాది దాటింది, వంపు 50 మించింది అంటే స్క్రూలు, రాడ్లు వేసి శాశ్వతంగా అతికించడమే నా మొదటి ఎంపిక. ఆ వయసుకి ఛాతీ తయారైపోయి ఉంటుంది. ఒక్కసారి, నాలుగైదు గంటల పని, మర్నాడే లేపి నిలబెడతాం, వారంలోపు ఇంటికి, నెల దాటాక బడికి. ఆపరేషన్ బల్ల మీదే ఒకటి రెండు అంగుళాలు పొడుగవుతారు కూడా.

మీ ఇంట్లో పెద్దవాళ్లు మీతో అడిగించని ప్రశ్నలు రెండుంటాయి, నేనే చెప్పేస్తాను. కాళ్లు పడిపోతాయా? ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ తల నుంచి కాళ్లకి కరెంటు సంకేతాలు పంపి వెన్నుపాము పనిచేస్తోందో లేదో చూస్తూ ఉంటారు. సంకేతం పడిపోతే ఆపి, దిద్దింది వదులు చేస్తాం. మామూలు టీనేజీ వంపుల్లో నరాల దెబ్బ వందలో ఒకరికన్నా తక్కువ, అందులోనూ చాలావరకు కోలుకుంటారు. పుట్టుకతో వచ్చినవాటిలో, 90-100 దాటిన వంపుల్లో ప్రమాదం ఎక్కువ. ఆ మానిటరింగ్ లేని చోట పెద్ద ఆపరేషన్ చేయించకండి, ఎంత పేరున్న డాక్టరైనా సరే. రెండోది, పెళ్లి, పిల్లలు. నా దగ్గర ఆపరేషన్ చేయించుకున్న అమ్మాయిలు తమ పిల్లల్ని ఎత్తుకుని వచ్చి చూపించి వెళ్తుంటారు. మామూలు కాన్పులకి అడ్డు లేదు. నడుము కిందిదాకా రాడ్లుంటే వీపులో ఇచ్చే మత్తు సూది కష్టం కావచ్చు, అందుకే ఏ పూస నుంచి ఏ పూస దాకా వేశారో రాసిన కాగితం భద్రంగా ఉంచుకోవాలి. స్కూల్ బ్యాగ్ వల్ల వచ్చిందా, పడుకునే తీరు వల్లా అంటారా? రెండూ కాదు. పాప అమ్మమ్మని ఇక తనని తాను తిట్టుకోవడం మానేయమనండి.

మీ పాప విషయంలో నేనైతే ఏం చేస్తానో చెప్పి ముగిస్తాను. ముందు, వెన్ను ఎంత మెత్తగా ఉందో చూడడానికి సాగదీసి తీసే ఎక్స్‌రే. సగానికి పైగా సర్దుకుంటే ఆరు నెలలు కట్టు ప్రయత్నిస్తాను. సర్దుకోకపోతే, బిగుసుకుపోయి ఉంటే, ఏడేళ్లు దాటాక రెండు రాడ్ల పద్ధతి. డబ్బు సమస్య కాకపోతే అయస్కాంతం రాడ్లు. ఇల్లు అమ్మాల్సి వస్తే మామూలు రాడ్లు చాలు, చివర్లో దొరికే పొడవులో చెప్పుకోదగ్గ తేడా నేను చూడలేదు. సాగదీయడం కూడా గడియారం పెట్టుకుని ఆరు నెలలకే చేయను. ఎనిమిది, తొమ్మిది నెలలకి జరిపినా చాలామందిలో నడిచిపోతుంది, ఆ లెక్కన మొత్తం మీద రెండు మూడు ఆపరేషన్లు మిగులుతాయి. ఎదుగుదల ఆగాక ఎక్స్‌రే చూసి, చివరిగా అతికించాలా, రాడ్లు అలాగే వదిలేయవచ్చా అన్నది అప్పుడు తేలుతుంది.

ఈ లోపల మీ చేతిలో ఉన్న పని బరువు. ఈ పిల్లలు బక్కగా ఉంటారు, ఊపిరి తీయడానికే తిన్నదంతా ఖర్చవుతుంది. వీపు మీద కండ లేకపోతే రాడ్ చర్మాన్ని పొడుచుకుని వస్తుంది, ఆ పుండు మానదు. రోజూ రెండు గుడ్లు, పప్పు, నెయ్యి. తినకపోతే ఉప్మాలో జీడిపప్పు నూరి కలపండి. రక్తం, విటమిన్ డి చూపించండి. పుచ్చిన పళ్లుంటే ముందే బాగు చేయించండి, నోట్లోని చీము రాడ్ల దాకా వెళ్తుంది. ఆరేళ్లు దాటాయి కాబట్టి ఊపిరి సామర్థ్యం కొలవడానికి ఊదించే పరీక్ష కూడా నేర్పిస్తే చేస్తుంది, రెండు మూడుసార్లు ప్రయత్నించమనండి.

ఖర్చు విషయం: తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకి పెంచారు, ఆంధ్రలో అదే పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. మీకు చెప్పిన ఆపరేషన్ ఏ ప్యాకేజీ కింద వస్తుందో, సాగదీసే ప్రతిసారీ మళ్లీ అనుమతి తీసుకోవాలో లేదో డాక్టరుని కాకుండా కౌంటర్‌లో ఉండే ఆరోగ్యమిత్రని అడగండి. మొదటి ఆపరేషన్‌కి డబ్బు సర్దేసి మూడో సాగదీతకి రాకుండా ఆగిపోయిన కుటుంబాలని చూశాను, అందుకే అడుగుతున్నాను.

ఈసారి వెళ్లేటప్పుడు ఏడాదిన్నర నాటి ఎక్స్‌రే నుంచి అన్నీ తేదీల వరసన పట్టుకెళ్లండి, రిపోర్టులు కాదు, ఫిల్ములో సీడీలో. పాప నిలబడిన ఎత్తూ, కూర్చున్న ఎత్తూ గోడ మీద గీసి మూడు నెలలకోసారి రాసుకోండి. కట్టు గురించి వాళ్లేమన్నారో, సాగదీసి తీసిన ఎక్స్‌రేలో ఎంత వచ్చిందో ఇక్కడే రాస్తే మళ్లీ చూస్తాను.